రేడియేటర్‌కి జాలి కావాలి... కానీ ఏ జాలి?

కొత్త బండి ఇంటికొచ్చిన మొదటి నెలలో మనవాళ్ళ షాపింగ్ ఒక వరసలో సాగుతుంది. మొబైల్ హోల్డర్, ట్యాంక్ ప్యాడ్, ఫాగ్ లైట్లు, ఆ తర్వాత రేడియేటర్ గార్డ్. మొదటి మూడూ తప్పువి కొన్నా పెద్ద నష్టం లేదు, ఉత్తగ డబ్బులు పోతాయి. నాలుగోది తప్పుది కొంటే ఇంజన్ మీదికే వస్తుంది. అయినా మనం నాలుగింటినీ ఒకే తీరున కొంటాం: ఫొటో చూసి, రంగు చూసి, కింద ఎన్ని నక్షత్రాలు ఉన్నాయో చూసి.

నా వాదన ముందే చెప్పేస్తా. లిక్విడ్ కూల్డ్ బండి పెట్టుకొని తుంగతుర్తి, సూర్యాపేట, కోదాడ వైపు తిరిగేవాళ్ళకి గార్డ్ అవసరమే. కాకపోతే దాన్ని జల్లెడ కొన్నట్టు కొనాలి. ఏది ఆపాలి, ఏది పోనివ్వాలి, ఎంత తొందరగా దులపొచ్చు అని చూడాలి. రంగు సంగతి ఆఖర్న.

మెకానిక్ షెడ్లలో దీన్ని గార్డ్ అనేవాళ్ళు తక్కువ, జాలి అంటారు. ఇంగ్లిష్ మీడియంలో చదువుకున్న నాకు ఈ మాట గార్డ్ కంటే కరెక్ట్ అనిపించింది. గార్డ్ అనగానే కాపలావాడు గుర్తొస్తాడు, వాడు ఎంత దిట్టంగా ఉంటే అంత మంచిది అనిపిస్తుంది. జాలి అనగానే కన్నాలు గుర్తొస్తాయి. అసలు విషయమంతా ఆ కన్నాల్లోనే ఉంది.

ఎవరికి అక్కర్లేదు

మన మండలాల్లో నిజంగా పనిచేసే బండ్లకు రేడియేటరే లేదు. పాల క్యాన్లు, యూరియా బస్తాలు, ఇద్దరు పిల్లలు, ఒక పెద్దమనిషి అందరినీ మోసే స్ప్లెండర్, షైన్ లాంటివన్నీ గాలితో చల్లబడే ఇంజన్లు. ఇంజన్ చుట్టూ కనిపించే పళ్ళలాంటి రేకులే వాటి కూలింగ్. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చినప్పటి నుంచీ ఆ పద్ధతి ఊళ్ళలో నడుస్తూనే ఉంది. రాయి తగిలితే ఆ పన్ను కొద్దిగా విరుగుతుంది, బండి మాత్రం పోతూనే ఉంటుంది.

2008లో యమహా ఆర్15 వచ్చాక, 2012లో డ్యూక్ 200, పల్సర్ ఎన్ఎస్ 200 వచ్చాక మన వయసు వాళ్ళ కోరిక మారిపోయింది. ఇవన్నీ లిక్విడ్ కూల్డ్. ఆ తర్వాత ఎంటీ 15, 2023లో ట్రయంఫ్ స్పీడ్ 400, హిమాలయన్ 450 కూడా అదే దారి. వీటికి ముందు చక్రం వెనకాలే, రోడ్డుకి ఎదురుగా, పల్చటి అల్యూమినియం రేడియేటర్ ఉంటుంది. పల్సర్ 220, పాత హిమాలయన్ లాంటి బండ్లకు రేడియేటర్ లేదు కానీ ఆయిల్ కూలర్ ఉంటుంది. చూడ్డానికి చిన్న రేడియేటర్ లాగే ఉంటుంది, దానికీ ఇదే ప్రమాదం. ఆయిల్ కూలర్ పగిలితే ఆయిల్ వెనక టైరు మీదకి చిమ్మే అవకాశం ఉంది కాబట్టి ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

కాబట్టి మొదటి ప్రశ్న: మీ బండికి అసలు రేడియేటర్ ఉందా? నవ్వకండి. ఎయిర్ కూల్డ్ బండికి కూడా ముందర ఒక జాలి బిగించి తిరిగేవాళ్ళు ఉన్నారు. ఇంజన్‌కి తగలాల్సిన గాలికి అడ్డం పెట్టడం తప్ప దానివల్ల జరిగేది ఏమీ లేదు.

రాయి ఎంత గట్టిగా తగులుతుంది

రేడియేటర్ లోపల సన్నటి గొట్టాల్లో కూలెంట్ తిరుగుతుంది. గొట్టాల మధ్య కాగితం లాంటి రేకులు ముడతలు ముడతలుగా ఉంటాయి. వేడి గొట్టం నుంచి రేకులోకి, రేకు నుంచి గాలిలోకి పోతుంది. రేకు వంగితే ఆ మేరకు గాలి ఆగుతుంది, అది నెమ్మదిగా జరిగే నష్టం. గొట్టానికే చిల్లు పడితే కూలెంట్ కారిపోతుంది, అది అప్పటికప్పుడు జరిగే నష్టం. చూసుకోకుండా అలాగే నడిపితే హెడ్ గాస్కెట్ పోతుంది, ఇంకా నడిపితే ఇంజన్ పట్టేస్తుంది.

లెక్క చూద్దాం. 20 మిల్లీమీటర్ల కంకర రాయి సుమారు 10 గ్రాములు ఉంటుంది. మనం 80 వేగంతో పోతుంటే, రోడ్డు మీంచి లేచిన రాయి మనకు సెకనుకి 22 మీటర్ల వేగంతో తగిలినట్టు. దాని శక్తి దాదాపు 2.5 జౌల్స్. అదే రాయిని ఎదురుగా 60 వేగంతో వచ్చే టిప్పర్ టైరు మన మీదకి విసిరితే రెండు వేగాలూ కలిసి 140 అవుతాయి. శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి అది దాదాపు 7.6 జౌల్స్, అంటే మూడింతలు. పల్చటి అల్యూమినియం గొట్టానికి ఇది తక్కువ దెబ్బేమీ కాదు.

రాయి ఎంత చిన్నదైతే బరువు అంత వేగంగా పడిపోతుందన్నది కూడా గుర్తు పెట్టుకోవాలి. 12 మిల్లీమీటర్ల రాయితో పోలిస్తే 6 మిల్లీమీటర్ల రాయి సైజులో సగమే, కానీ బరువులో ఎనిమిదో వంతు. కాబట్టి జాలి ప్రతి ఇసుక రేణువునీ ఆపక్కర్లేదు. పెద్దవాటిని ఆపితే చాలు, చిన్నవాటి దెబ్బకి రేడియేటర్ తట్టుకుంటుంది. కన్నం సైజు ఎంతుండాలో ఇక్కడే తేలుతుంది.

గాలి ఎంత పోతుంది

చదరపు కన్నాల జాలికి లెక్క చాలా సులువు. కన్నం వెడల్పుని, కన్నం ప్లస్ తీగ మందంతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించాలి. కన్నం 4 మిల్లీమీటర్లు, తీగ 1 మిల్లీమీటర్ అయితే 64 శాతం జాగా తెరిచి ఉంటుంది. కన్నం 8, తీగ 1 అయితే 79 శాతం. ఇక గుండ్రటి బెజ్జాలు కొట్టిన రేకు సంగతి చూడండి. 5 మిల్లీమీటర్ల బెజ్జాలు, ఒకదాని మధ్య నుంచి ఇంకోదాని మధ్యకి 8 మిల్లీమీటర్లు, వరసలు జరిపి కొట్టినా తెరిచి ఉండేది 35 శాతమే. పైన బండి పేరో, పుర్రె బొమ్మో, పులి మొహమో లేజర్‌తో కోయించారంటే ఆ బొమ్మ మేరకు ఇంకొంత పోయినట్టే.

జాగా 35 శాతం ఉంటే గాలి కూడా సరిగ్గా 35 శాతమే పోతుందని కాదు, లోపల లెక్క ఇంకా చిక్కుగా ఉంటుంది. కానీ రెండు జాలీలు పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఈ ఒక్క నంబర్ చాలు. అమ్మే చోట ఈ నంబర్ రాసి కనిపించదు. స్కేలు పెట్టి మనమే కొలుచుకోవాలి. కన్నం 6 నుంచి 8 మిల్లీమీటర్లు, తీగ 1 నుంచి 1.5, తెరిచిన జాగా 65 శాతానికి తగ్గకుండా ఉంటే మన రోడ్లకి సరిపోతుందని నా అభిప్రాయం.

కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి ఇది కొత్త విషయం కాదు. ఫైర్‌వాల్‌లో రూల్స్ మరీ బిగిస్తే ఎటాక్ ఆగుతుంది, దాంతో పాటు సైటు కూడా ఆగుతుంది. రాయి ఒక్కటీ లోపలికి పోకూడదంటే అట్టముక్క కట్టుకోవచ్చు. పది కిలోమీటర్లు పోయాక ఇంజన్ ఆగిపోతుంది, రేడియేటర్ మాత్రం కొత్తదానిలా ఉంటుంది.

తుంగతుర్తి లెక్క వేరు

ఈ గార్డుల మీద వచ్చే వీడియోలు ఎక్కువగా లడాఖ్, స్పితి టూర్ల కోసం చేసినవి. అక్కడ చలి, రాళ్ళు. ఇక్కడ ఎండ, వడ్లు.

ముందు ఎండ. కూలెంట్ 90 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. బయట 30 డిగ్రీలుంటే తేడా 60. మే నెల మధ్యాహ్నం 45 ఉంటే తేడా 45 మాత్రమే. రేడియేటర్ వదిలే వేడి ఈ తేడాని బట్టే ఉంటుంది కాబట్టి, ఎవరూ ఏమీ బిగించకముందే దాని సత్తాలో నాలుగో వంతు ఎండ తినేసింది. మిగిలిన ముప్పావు వంతులోంచే జాలి తన వాటా తీసుకుంటుంది. చల్లటి చోట బాగా పనిచేసిన గార్డ్ మన దగ్గర ఎందుకు ఇబ్బంది పెడుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

తర్వాత వడ్లు. మన వైపు ఏడాదికి రెండుసార్లు కోతలు. వానాకాలం పంట చలికాలం మొదట్లో, యాసంగి పంట ఏప్రిల్, మే నెలల్లో. కల్లాల్లో జాగా చాలక రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. కోత మిషన్లు, వడ్ల ట్రాక్టర్లు, మిర్యాలగూడ మిల్లులకు పోయే లారీలు, అన్నిటి వెనకా తాలు, పొట్టు, గడ్డిపోచలు, దుమ్ము. సన్న జాలి అయితే ఈ తాలంతా దాని ముందరే అతుక్కుపోతుంది. పెద్ద కన్నాల జాలి అయితే తాలు దాటి రేకుల్లోకి పోతుంది. అంటే ఏ జాలీ దీన్ని పూర్తిగా తీర్చలేదు. పైగా యాసంగి కోతలు సరిగ్గా ఎండలు ముదిరిన రోజుల్లోనే. రేడియేటర్‌కి గాలి అందరికంటే ఎక్కువ కావాల్సిన నెలలోనే దాని ముక్కులో పొట్టు ఎక్కువ పడుతుంది.

వానల్లో బురద. పొలాల్లోంచి కేజ్ వీల్స్ తో రోడ్డెక్కే ట్రాక్టర్లు నల్లరేగడిని రోడ్డు మీద పరిచిపోతాయి. అది ముందు చక్రంతో లేచి రేడియేటర్ మీద పడి, ఎండి, దుప్పటి కప్పినట్టు అవుతుంది.

అందుకే మన దగ్గర నేను అన్నిటికంటే పైన పెట్టే ప్రశ్న ఇది: జాలి విప్పడానికి ఎన్ని బోల్టులు? రెండో నాలుగో బోల్టులు, అవీ మామూలు ఎలెన్ కీ తో వచ్చేవి అయితే వారానికోసారి విప్పి దులుపుతాం. ట్యాంక్ పక్కన ప్యానెల్స్ అన్నీ ఊడదీస్తే గానీ రాని జాలి ఎంత బలంగా ఉన్నా నేను వద్దంటాను, ఎందుకంటే దాన్ని ఎవరూ విప్పరు. దులపని జల్లెడ మూతతో సమానం.

దులపడం కూడా పద్ధతిగా జరగాలి. వాటర్ సర్వీసింగ్ దగ్గర ప్రెషర్ గన్ ని నేరుగా రేడియేటర్ మీదకి తిప్పితే రేకులు వంగిపోతాయి. రాయి చేయలేని పని నీళ్ళు చేస్తాయి. ఇంజన్ చల్లారాక మెత్తటి బ్రష్, మామూలు పైపు నీళ్ళు, వీలైతే వెనక నుంచి ముందుకి. ఇంతే.

మూడోది జాతర. దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతర రెండేళ్ళకోసారి వస్తుంది. ఆ జనంలో బండి నడిచే వేగంతో కదులుతుంది. బండి వేగంగా పోయేటప్పుడు గాలి తనంతట తాను దూసుకొస్తుంది, ఆగి ఆగి పోయేటప్పుడు వెనకున్న చిన్న ఫ్యాన్ ఒక్కటే లాగాలి. ఆ ఫ్యాన్ బలం తక్కువ. హైవే మీద ఏ తేడా చూపించని జాలి ఇలాంటి చోట వేడి లైటు వెలిగిస్తుంది. సంక్రాంతికి 65వ నంబర్ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర ఇరుక్కున్నా ఇదే కథ.

ఎలా బిగించారన్నది సగం పని

మంచి జాలిని తప్పుగా బిగిస్తే అదే రేడియేటర్‌ని తినేస్తుంది. జాలికీ రేకులకీ మధ్య కనీసం వేలు సగం పట్టేంత సందు ఉండాలి. రాయి తగిలినప్పుడు జాలి లోపలికి వంగుతుంది, సందు లేకపోతే ఆ దెబ్బ నేరుగా గొట్టానికే పోతుంది. స్టీలు జాలి అల్యూమినియం రేడియేటర్‌ని తాకుతూ ఉంటే వైబ్రేషన్‌కి అరుగుతుంది, తడి తగిలితే ఆ చోట అల్యూమినియం తుప్పులా తినబడుతుంది. కాబట్టి బోల్టుల దగ్గర రబ్బరు బుష్ ఉండాల్సిందే. రేకుల మధ్యలోంచి ప్లాస్టిక్ టై దూర్చి కట్టడం అసలు వద్దు. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, ముందు షాకులు గట్టిగా నొక్కి, మడ్‌గార్డ్ జాలికి తగలట్లేదని చూసుకోవాలి.

దోమల జాలి కత్తిరించి కట్టే ఐడియా కూడా చాలామందికి వస్తుంది. అది పెద్ద రాయిని ఆపలేదు, పొట్టుని మాత్రం ఒక్కటీ వదలదు. రెండు వైపులా నష్టమే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన మండల కేంద్రాల్లో గేట్లు, కిటికీలు, ట్రాలీలు చేసే వెల్డింగ్ షాపుల వాళ్ళు ఈ జాలిని బాగా చేయగలరు. కొలతలు మనం ఇవ్వాలి: కన్నం ఇంత, తీగ ఇంత, సందు ఇంత, బోల్టులు ఇక్కడ. ఆన్‌లైన్‌లో వందల్లో మొదలై వేలల్లోకి పోయే గార్డ్ లో ఉన్న టెక్నాలజీ అంతా ఈ నాలుగు కొలతలే. ఒక్క జాగ్రత్త: వెల్డింగ్ బండి మీద పెట్టి చేయనివ్వకండి. ఇప్పటి బండ్లలో ఈసీయూ ఉంటుంది, వెల్డింగ్ కరెంటు దాన్ని పాడుచేయొచ్చు. జాలి కింద పెట్టి చేయించుకొని, పెయింట్ వేసి, తర్వాత బిగించుకోవాలి. వారంటీలో ఉన్న బండి అయితే ముందే సర్వీస్ సెంటర్‌లో అడగడం మంచిది.

"కంపెనీ వాడికి తెలియదా?"

ఇది మన దోస్తులు అడిగే ప్రశ్న. గార్డ్ నిజంగా అవసరమైతే కంపెనీవాళ్ళే పెట్టి ఇచ్చేవాళ్ళు కదా అని. కొన్ని బండ్లకు ప్లాస్టిక్ జాలి ఇస్తారు కూడా. కానీ కంపెనీ బండిని దేశమంతటి కోసం చేస్తుంది. సిటీలో ఆఫీసుకి పోయేవాడికీ, నకిరేకల్ నుంచి అర్వపల్లి మీదుగా తుంగతుర్తి పోయేవాడికీ ఒకటే బండి. మన దారి గురించి ఆలోచించాల్సింది మనమే.

ఇంకో ప్రశ్న: రాయి తగిలి చిల్లు పడడం ఎంత అరుదు, దానికి ఇంత హడావుడా? అరుదే, ఒప్పుకుంటా. కానీ అరుదైనదానికి అయ్యే ఖర్చు కూడా చూడాలి. స్ప్లెండర్ ఆగితే ఏ ఊళ్ళో అయినా అరగంటలో బాగుచేసే మనిషి దొరుకుతాడు. రేడియేటర్ చిల్లు పడితే బండిని ఆటో ట్రాలీలో సూర్యాపేటకో, పార్టు లేకపోతే హైదరాబాద్‌కో పంపాలి. చాలా ఇళ్ళల్లో ఆ బండి పత్తి డబ్బులతోనో, నెలనెలా కట్టే కిస్తీతోనో వచ్చింది. రిపేరు బిల్లు వేలల్లో వస్తే కట్టేది మనం కాదు, ఇంట్లో వాళ్ళు. జాలి గురించి ఒక గంట ఆలోచించడం వాళ్ళకి మనం చేసే చిన్న మర్యాద.

దారిలో కూలెంట్ కారిపోతే బండి ఆపేయండి, అంతే. వేడిమీద మూత తీయకండి, మొహం కాలిపోతుంది. చల్లారాక నీళ్ళు పోయాల్సి వస్తే బోరు నీళ్ళ కంటే ప్లాంటు నీళ్ళు నయం. మన జిల్లా బోరు నీళ్ళ సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు, వాటిలోని ఉప్పులు సన్న గొట్టాల్లో గారలా పేరుకుపోతాయి. షెడ్డుకి చేరాక అవీ తీసేసి సరైన కూలెంట్ పోయించాలి.

జాలి చేయలేని పని

చివరగా, జాలి కొనడంతో మన బాధ్యత తీరిపోదు. రేడియేటర్‌కి తగిలే రాళ్ళలో కొన్ని మన ముందు చక్రమే విసురుతుంది. స్టైల్ కోసం ముందు మడ్‌గార్డ్ కోయించి, ఆ తర్వాత గార్డ్ కొనడం అంటే గొడుగు పారేసి రెయిన్‌కోట్ కొన్నట్టు. మడ్‌గార్డ్ కింద ఒక రబ్బరు ముక్క పొడిగించుకుంటే రాళ్ళు, బురద రెండూ తగ్గుతాయి. ఖర్చు జాలి కంటే తక్కువ.

మిగతా రాళ్ళు ఎక్కడివి? టార్పాలిన్ కట్టకుండా పరిగెత్తే కంకర టిప్పర్లవి, గుంతలు పూడ్చి మిగిలిన కంకర ఊడ్వకుండా వదిలేసిన పనులవి. ఓవర్‌లోడ్‌కి 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకి ఇంకో 2,000 జరిమానా అని మోటారు వాహనాల చట్టంలో 194వ సెక్షన్ 2019 సవరణ నుంచి చెబుతోంది. కాగితం మీద ఉన్నది రోడ్డు మీదకి రావాలి. ఆ పని జరగనంత కాలం ప్రతి ఒక్కడూ తన జేబులోంచి ఒక జాలి కొనుక్కోవాల్సిందే. కొనుక్కుందాం, కానీ అడగడం మాత్రం మానొద్దు.

ఇంకొక్క విషయం. రేడియేటర్‌ని పగలగొట్టే రాయికి మన కన్ను ఎంత? రేడియేటర్‌కి జాలి పెట్టి, హెల్మెట్‌ని ట్యాంక్ మీద పెట్టుకొని పోయేవాళ్ళని రోజూ చూస్తున్నాం. పార్టు మళ్ళీ దొరుకుతుంది. ముందు విజర్ ఉన్న హెల్మెట్, తర్వాత మడ్‌గార్డ్, ఆ తర్వాత జాలి. డబ్బులు ఈ వరసలో పెట్టండి.

జాలి బిగించిన తర్వాత ఒక టెస్ట్ చేయండి. మనకి అలవాటైన పనే. ఒకే దారి, ఒకే టైము, ఒకే వేగం. ఒకరోజు జాలి లేకుండా, ఒకరోజు జాలితో. టెంపరేచర్ గీతలు ఎన్ని లేచాయో, ఫ్యాన్ ఎన్నిసార్లు తిరిగిందో రాసుకోండి. తేడా లేకపోతే ఉంచుకోండి. గీత ఒకటి పెరిగితే, ఆ జాలి ఎంత అందంగా ఉన్నా, మే నెల రాకముందే వాపస్ ఇచ్చేయండి.